నెల్లూరు వీధుల్లో స్పీడ్ బ్రేకర్లు: కొత్తది వేయించాలన్నా, ఉన్నది జరిపించాలన్నా తరచుగా అడిగే ప్రశ్నలు

మా కాలనీ సంఘానికి కార్యదర్శిగా ఉన్న ఈ ఆరేళ్లలో నీళ్ల గురించి ఎంతమంది అడిగారో, స్పీడ్ బ్రేకర్ల గురించీ దాదాపు అంతమందే అడిగారు. సగం మందికి తమ వీధిలో కావాలి. మిగతా సగం మందికి తమ ఇంటి ముందు వద్దు. ఒక్కోసారి రెండూ ఒకే మనిషి అడుగుతాడు. నేను ఇంజనీరుని కాను. రెండు స్పీడ్ బ్రేకర్లు వేయించి, ఒకటి తీయించినవాణ్ణి. ఆ పనిలో చదివిన రూల్సు, తిరిగిన ఆఫీసులు, తిన్న చీవాట్లు కలిపి ఇక్కడ పెడుతున్నాను. నెల్లూరు కార్పొరేషన్ పరిధిని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఒంగోలు వాళ్లకూ చాలావరకు ఇదే దారి.

ముందు ఎవర్ని అడగాలి?

ముందు ఆ రోడ్డు ఎవరిదో అడగాలి. చాలామంది ఇక్కడే తప్పుతారు. కాలనీ లోపలి వీధులు కార్పొరేషన్‌వి. ఊళ్లోంచి పోయే కొన్ని పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీ వాళ్లవి. బైపాస్ మీద పోయే 16వ నంబరు జాతీయ రహదారి, అంటే పాత 5వ నంబరు హైవే, జాతీయ రహదారుల సంస్థ చేతిలో ఉంటుంది. ఊరు దాటి పంచాయతీలోకి పోతే పంచాయతీరాజ్ ఇంజనీర్లు చూస్తారు. కార్పొరేషన్‌లో ఇచ్చిన అర్జీ ఆర్ అండ్ బీ రోడ్డు గురించి అయితే ఆ కాగితం ఒక టేబుల్ మీద నుంచి ఇంకో టేబుల్ మీదికి పోవడానికే రెండు నెలలు పడుతుంది.

రోడ్డు ఎవరిదో తేలాలంటే వార్డు సచివాలయానికి వెళ్లండి. అక్కడ ఎమినిటీస్ సెక్రటరీ ఉంటారు. రోడ్లు, కాలువలు, నీళ్ల పనులు చూసేది వాళ్లే. పది నిమిషాల్లో చెప్పేస్తారు.

ఏ రోడ్ల మీద అసలు వేయరు?

జాతీయ రహదారుల మీద వేయరు. ఉన్నవాటిని కూడా తీసేయమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2016లో ఆదేశాలిచ్చింది. రాష్ట్ర రహదారుల మీద, ఊళ్లో ప్రధానమైన రోడ్ల మీద కూడా వేయకూడదన్నదే పద్ధతి. స్పీడ్ బ్రేకర్ పుట్టిందే చిన్న రోడ్ల కోసం.

"మరి ఫలానా సెంటర్‌లో ఉంది కదా?" అంటారు. ఉండొచ్చు. ఒక యాక్సిడెంట్ అవుతుంది, జనం రోడ్డు మీద కూర్చుంటారు, సాయంత్రానికి తారు పడుతుంది. అట్లా పడ్డవి చాలా ఉన్నాయి. అవి ఉన్నంత మాత్రాన రూలు మారదు.

ఎక్కడ వేయొచ్చు?

దీనికి మన దేశంలో ఆధారం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల 99వ నంబరు పుస్తకం. మొదట 1988లో వచ్చింది, 2018లో కొత్తగా రాశారు. అందులో చెప్పిన చోట్లు మోటుగా ఇవి: చిన్న రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే చోట చిన్న రోడ్డు మీద, బడులు, కాలేజీలు, ఆసుపత్రుల దగ్గరి వీధుల్లో, ఇళ్ల మధ్య వీధుల్లో, ఎదుటి బండి కనపడని మలుపులకు ముందు, ఇరుకు వంతెనలకూ రైల్వే గేట్లకూ ముందు, వేగం వల్లే పదేపదే ప్రమాదాలు జరిగిన చోట.

మొదటిదాన్ని కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే నెల్లూరులో దానికే ఎక్కువ అవసరం. సందులోంచి మినీ బైపాస్ లాంటి రోడ్డు మీదికి బైకు దూసుకొస్తుంది. జనం వచ్చి పెద్ద రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్ వేయమంటారు. పుస్తకం చెప్పేది దానికి తలకిందులు: సందు మీదే వేయాలి, పెద్ద రోడ్డు అంచుకు సుమారు 5 మీటర్ల ఇవతల. ఆగాల్సింది సందులోంచి వచ్చేవాడు కదా. ఆ 5 మీటర్లు ఎందుకంటే స్పీడ్ బ్రేకర్ దిగిన బండి పెద్ద రోడ్డులోకి చొచ్చుకుపోకుండా నిలబడి అటూ ఇటూ చూసుకోవడానికి చోటుండాలి.

స్పీడ్ బ్రేకర్, హంప్, బంప్, రంబుల్ స్ట్రిప్… అన్నీ ఒకటేనా?

మాటల్లో ఒకటే, రోడ్డు మీద కాదు. హంప్ అంటే వెడల్పుగా, నున్నగా ఎక్కి దిగేది. బంప్ అంటే రెండు మూడడుగుల వెడల్పులో గడపలాగా లేచి ఉండేది. అపార్టుమెంటు సెల్లారుకి సరిపోతుంది, వీధికి పనికిరాదు. రంబుల్ స్ట్రిప్స్ అంటే వరసగా వేసే సన్నని పట్టీలు. ఎత్తు మిల్లీమీటర్లలోనే ఉంటుంది, టైర్లు గడగడమని డ్రైవర్‌ని హెచ్చరిస్తాయి, బండిని ఆపవు. హైవే మీద ప్రమాదకరమైన చోట్ల ఇవి వేస్తారు. ఇళ్ల మధ్య వేస్తే మాత్రం రాత్రంతా ఆ గడగడ వినాలి. మనం వీధికి అడగాల్సింది హంప్.

కొలతలు ఎంత ఉండాలి?

మామూలు రాకపోకలున్న వీధికి: వెడల్పు 3.7 మీటర్లు, మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, పైభాగం 17 మీటర్ల వ్యాసార్ధం ఉన్న వృత్తంలో ముక్కలాగా గుండ్రంగా. ఇక్కడ వెడల్పు అంటే బండి నడిచే దిశలో. దీని మీద గంటకు 25 కిలోమీటర్ల వేగంతో హాయిగా పోవచ్చు. అంతకు మించితే నడుముకు తెలుస్తుంది. బస్సులు, లారీలు ఎక్కువగా తిరిగే చోట రెండు పక్కలా వాలు ఇంకా సాగదీస్తారు.

3.7 మీటర్లంటే 12 అడుగులు, 10 సెంటీమీటర్లంటే 4 అంగుళాలు. ఈ లెక్క ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1953లో అమెరికాలో ఆర్థర్ కాంప్టన్ అనే నోబెల్ భౌతిక శాస్త్రవేత్త తాను పనిచేసే వాషింగ్టన్ యూనివర్సిటీలో కార్ల దూకుడు చూడలేక హంప్‌లు డిజైన్ చేశాడు. తర్వాత 1973లో బ్రిటన్ రోడ్డు పరిశోధన సంస్థలో వాట్స్ అనే ఆయన రకరకాల ఆకారాల మీద బండ్లు నడిపించి చూసి 12 అడుగులు, 4 అంగుళాల దగ్గర తేల్చాడు. మన పుస్తకంలో ఉన్నదీ అదే కొలత.

ఆ పరిశోధనలో తేలిన సంగతి ఒకటి మన కుర్రాళ్లకు ఎప్పుడో తెలుసు. సన్నటి బంప్ మీద నెమ్మదిగా పోతే కుదుపు ఎక్కువ, వేగంగా పోతే తక్కువ! టైరు, షాక్ అబ్జార్బర్లు ఆ దెబ్బను మింగేస్తాయి. అందుకే నిదానంగా పోయే ముసలాయన స్కూటర్ ఎగిరిపడుతుంది, దూకుడుగా వచ్చే బైకు రివ్వున పోతుంది. వెడల్పాటి హంప్ మీద ఇది తిరగబడుతుంది.

మా వీధిలో ఉన్నది సరైన కొలతలో ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మేస్త్రి దగ్గర 2 మీటర్ల అల్యూమినియం బద్ద, స్పిరిట్ లెవెల్ అడిగి తెచ్చుకోండి. పొద్దున ఆరింటికి, బండ్లు మొదలవకముందు వెళ్లండి. బద్ద ఒక కొన హంప్ నడినెత్తిన పెట్టి, రెండో కొన అంచు దాటేలా చాపి, లెవెల్ బుడగ మధ్యకు వచ్చేదాకా సరిచేయండి. హంప్ అంచు దగ్గర బద్ద నుంచి రోడ్డు వరకు టేపుతో కొలవండి. రోడ్డు ఏటవాలుగా ఉంటే రెండో వైపూ కొలిచి సగటు తీయాలి. నడినెత్తి నుంచి అంచు వరకు 1.85 మీటర్లు ఉండాలి. 10 సెంటీమీటర్లకు ఒక సెంటీమీటరు అటూ ఇటూ అయితే గొడవ పడకండి. ఫోటో తీసేటప్పుడు టేపు మీద అంకెలు కనపడేలా తీయండి. అర్జీకి ఆ ఒక్క ఫోటో పది సంతకాలతో సమానం.

మా వీధిలో మేమే వేయించిన మొదటిదాన్ని ఇట్లా కొలిస్తే వెడల్పు 75 సెంటీమీటర్లు, ఎత్తు 13 వచ్చింది. ఆ కథ కింది ప్రశ్నలో ఉంది.

ఇన్ని ఆఫీసులు ఎందుకు, మేమే వేసుకుంటే పోలా?

ఇది మేం చేసిన తప్పు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను.

పక్క వీధిలో బీటీ రోడ్డు వేస్తున్నారు. సాయంత్రం పని అయిపోవస్తోంది, ట్రాక్టర్లో కొంచెం మాలు మిగిలింది. మా వాళ్లం నలుగురం వెళ్లి మేస్త్రిని "అన్నా, ఆ మిగిలింది మా వీధిలో అడ్డంగా పోసిపోండి, పిల్లలు తిరిగే చోటు" అని బతిమాలాం. టీలు, సమోసాలు తెప్పించాం. ఏడున్నరకు పోశారు. రోలర్ రెండుసార్లు అటూ ఇటూ తిరిగి వెళ్లిపోయింది. అప్పటికి మా ఆనందం అంతా ఇంతా కాదు. పెయింటు సంగతి రేపు చూద్దాంలే అనుకున్నాం. వీధి దీపం దానికి ముప్పై అడుగుల అవతల ఉంది.

తెల్లవారి నాలుగున్నరకు ధడేలుమని చప్పుడు. వెళ్లి చూస్తే పాలాయన బండి పక్కకు పడి ఉంది, క్యాన్ మూత ఊడి పాలు ఆ నల్లటి తారు మీద పారుతున్నాయి. మోచెయ్యి గీరుకుపోయింది. ఆయన అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "ఏం సార్, నిన్న పొద్దున లేదు గదా ఇది! రాత్రికి రాత్రి మొలిచిందా?" మా ఎదురింటి ఆమె ఇంట్లోంచి ముగ్గుపిండి డబ్బా తెచ్చి దాని మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా అడ్డగీతలు పోసింది. ఆ రోజుకి అదే మార్కింగ్. పాల డబ్బులు, మందుల డబ్బులు సంఘం ఇచ్చింది. అది తీయించడానికి నాలుగు నెలలు పట్టింది. వేసిన రికార్డే లేనిదాన్ని ఏ పద్దు కింద తీయాలని ఆఫీసులో అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

చట్టం మాట కూడా చెప్పాలి. అనుమతి లేకుండా రోడ్డుకు అడ్డంగా ఏది కట్టినా, దాని వల్ల దారిలో పోయేవాళ్లకు ప్రమాదమో ఆటంకమో కలిగితే భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5 వేల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. దానికన్నా, ఎవరైనా తల పగిలి ఆసుపత్రి పాలైతే ఆ కేసులో మీ పేరుంటుంది. ఇంటి ముందు సిమెంటు దిమ్మ కట్టేవాళ్లు, పాత కరెంటు స్తంభం ముక్క పడేసి మట్టి కప్పేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

రబ్బరువి దొరుకుతున్నాయి కదా, కొని బిగించుకోవచ్చా?

గేటు లోపల, అంటే అపార్టుమెంటు ఆవరణలో బిగించుకోండి. అది మీ స్థలం. వీధిలో అయితే అనుమతి మాట అలాగే ఉంటుంది. పైగా అవి సన్నటివి, బంప్ జాతి. బరువు బండ్లు తిరిగేకొద్దీ బోల్టులు వదులవుతాయి, ఒక ముక్క ఊడిపోతుంది, మిగిలిన మేకులు టైర్లలో దిగుతాయి. పంక్చర్ షాపాయన తప్ప సంతోషించేవాడుండడు.

అర్జీలో ఏం రాయాలి?

"మా వీధిలో వాహనాలు అతివేగంగా వెళుతున్నందున స్పీడ్ బ్రేకర్ వేయించ ప్రార్థన" అని రాస్తే ఇంజనీరు చేతిలో చదవడానికి ఏమీ ఉండదు. చోటు, సమయం, లెక్క ఈ మూడూ ఉండాలి. మా రెండో అర్జీ ఇంచుమించు ఇట్లా ఉండింది:

"అయ్యా, మా వీధిలో ప్రాథమిక పాఠశాల గేటుకు పడమరగా 60 మీటర్ల దూరంలో మలుపు ఉంది. మలుపు తిరిగిన బండికి గేటు కనపడదు, ప్రహరీ గోడ అడ్డం. ఉదయం 8.30 నుంచి 9.15 వరకు పిల్లలు రోడ్డు దాటుతారు. మేము మూడు రోజులు ఆ సమయంలో 100 బండ్ల వేగం లెక్కపెట్టాము, కాగితం జతచేశాము. మలుపుకూ గేటుకూ మధ్య, 14వ, 15వ ఇళ్ల ప్రహరీలు కలిసే చోట హంప్ సాధ్యమేమో వచ్చి చూడగోరుతున్నాము. ఆ రెండు ఇళ్లవారి సమ్మతి జతచేశాము."

"సాధ్యమేమో చూడగోరుతున్నాము" అన్న మాట కావాలనే రాశాం. హంప్ కావాలని పట్టుబడితే కాదనడం తేలిక. చోటు చూడమంటే మనిషి రావాల్సిందే. వచ్చిన అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) గారు మేం చెప్పిన చోటు కాదని ఇంకో పది మీటర్లు గేటు వైపు జరిపారు. మాకు తట్టని కారణం: మేం చూపించిన చోట డ్రైనేజీ మ్యాన్‌హోల్ ఉంది.

వేగం మేమెలా లెక్కపెట్టాలి? స్పీడ్ గన్ లేదు కదా.

సుద్దముక్క, టేపు, ఫోను చాలు. రోడ్డు పక్కన 50 మీటర్ల దూరంలో రెండు గీతలు గీయండి. బండి ముందు చక్రం మొదటి గీత దాటగానే ఫోన్లో స్టాప్‌వాచ్ మొదలు, రెండో గీత దాటగానే ఆపు. 180ని ఆ సెకండ్లతో భాగిస్తే గంటకు కిలోమీటర్లు వచ్చేస్తాయి. 6 సెకండ్లయితే 30, నాలుగున్నర అయితే 40, 3.6 అయితే 50.

వంద బండ్లు చూసి, వేగాలను తక్కువ నుంచి ఎక్కువకు పేర్చి, 85వది ఎంతో చూడండి. ఇంజనీర్లు మాట్లాడేది ఆ అంకెతోనే. ఒక్క కుర్రాడు 70లో పోయాడని చెబితే అది పోలీసుల పని. 85వ బండి కూడా 40 దాటుతోందంటే అది రోడ్డు పని. మీరు నిలబడి రాసుకుంటున్నట్టు కనపడకూడదు. పుస్తకం పట్టుకుని నిలబడితే అందరూ బుద్ధిమంతులైపోతారు. మేం అరుగు మీద పేపర్ చదువుతున్నట్టు కూర్చుని లెక్కపెట్టాం.

చిన్న చిన్న దెబ్బలకు పోలీసు రికార్డు ఉండదు. అవి ఎలా చూపించాలి?

కేసు నమోదైన ప్రమాదాలు పోలీసులు ఐరాడ్ అనే కేంద్ర డేటాబేస్‌లో చోటుతో సహా ఎక్కిస్తారు. మోకాళ్లు గీరుకున్నవి అందులోకి రావు. వీధిలో ఎవరైనా ఒకరు నోటుపుస్తకం పెట్టండి: తేదీ, టైము, ఏం బండి, ఎటు నుంచి ఎటు, వెలుతురుందా. మందుల షాపు ఉంటే అక్కడే పెట్టండి, కట్టు కట్టించుకోవడానికి వచ్చేది అక్కడికే.

ఎన్ని సంతకాలు కావాలి?

సంతకాలు కోరికను చూపిస్తాయి, చోటు సరైందని రుజువు చేయవు. వీధి మొత్తం సంతకాలకన్నా, హంప్ ఎవరి గేటు పక్కన వస్తుందో ఆ రెండు మూడు ఇళ్లవాళ్ల సంతకం విలువైనది. పని రోజున మిషన్ వచ్చాక అడ్డం నిలబడేది వాళ్లే.

మా ఇంటి ముందు ఉంది, రాత్రుళ్లు నిద్ర లేదు. జరిపించొచ్చా?

జరిపించొచ్చు, కారణం గట్టిదైతే. ఖాళీ ట్రాక్టర్ ట్రక్కు ఎగిరిపడితే తెల్లవారుజామున వచ్చే చప్పుడు నాకు తెలుసు. బ్రేకు వేసిన చప్పుడు, మళ్లీ గేరు మార్చిన చప్పుడు, మధ్యలో హారన్. కానీ "మాకు వద్దు" అన్నది కారణంగా నిలవదు, ఎందుకంటే జరిపితే ఇంకొకరి ఇంటి ముందుకే పోతుంది. నిలిచే కారణాలు నేను చూసినంతలో ఇవి: కొలత తప్పుగా ఉంది, గేటుకు సరిగ్గా ఎదురుగా ఉండి కారు తిప్పేటప్పుడు చక్రం దాని మీద పడుతోంది, వాన నీళ్లు నిలబడి ఇంట్లోకి వస్తున్నాయి, మలుపుకు మరీ దగ్గరగా ఉండి తిరిగిన బండికి చివరి క్షణంలో కనపడుతోంది, వీధి దీపం లేని చోట ఉంది, అది వేసిన కారణమే ఇప్పుడు లేదు, బడి వేరే చోటికి పోయింది.

చాలాసార్లు జరపక్కర్లేదు, సరిచేస్తే చాలు. గడపలాంటి బంప్‌ను చెక్కి 3.7 మీటర్ల హంప్ చేస్తే చప్పుడు సగం పోతుంది. అర్జీలో ముందు అది అడగండి.

వాస్తు ప్రకారం గేటు ముందు ఉండకూడదంటున్నారు.

ఈ మాట మూడు ఇళ్లలో విన్నాను. వీధిపోటు ఉంటే ఏదో ఒకటి చెబుతారు గానీ, తారు కుప్పకు ఏ శాంతి ఉందో నాకు తెలియదు. అర్జీలో రాయకండి, అంతే. గేటుకు ఎదురుగా వద్దనడానికి కారు చక్రం కారణమే చాలు. మంచి పద్ధతి, హంప్‌ను రెండు ఇళ్ల ప్రహరీలు కలిసే చోట వేయడం. అప్పుడు ఎవరి గేటుకూ ఎదురు కాదు, ఇద్దరూ సమంగా తిట్టుకుంటారు.

వానాకాలంలో నీళ్లు నిలబడవా?

నిలబడతాయి, నెల్లూరులో మరీ. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అవీ ఒక్కసారిగా కుమ్మరిస్తాయి. రోడ్డు వాలు చూసుకోకుండా హంప్ వేస్తే అది చిన్న ఆనకట్టే. అందుకని అంచుల్లో కాలువ వైపుకు వాలుగా దింపాలి, పైనుంచి వచ్చే నీరు కాలువలో పడే దారి హంప్‌కు ముందే ఉండాలి.

ఒక చిక్కుంది. నీళ్లకని అంచులో ఖాళీ ఎక్కువ వదిలితే బైకులన్నీ ఆ సందులోంచే పోతాయి, కాలువలో పడేవాళ్లు పడతారు. ఖాళీ వదలాల్సి వస్తే జానెడు మించనివ్వకండి. పని జరిగే రోజు ఎవరైనా ఒకరు దగ్గరుండాల్సింది ఇందుకే.

ఎన్ని వేయించుకోవచ్చు? ఒకదానితో ఆగడం లేదు.

పొడుగాటి వీధిలో వేగం తగ్గే ఉండాలంటే 100 నుంచి 120 మీటర్లకు ఒకటి చొప్పున వేయొచ్చని పుస్తకం. మధ్యలో దూరం ఎక్కువైతే కుర్రాళ్లు హంప్ దిగగానే కసి తీర్చుకుంటారు. మరీ దగ్గరైతే జనం పక్క వీధి పట్టుకుంటారు, గొడవ అక్కడికి మారుతుంది. అందుకే పక్క వీధివాళ్లతో కూడా మాట్లాడుకుని ఒకేసారి అడగండి.

అంబులెన్స్ పోయే దారిలో వేయొచ్చా?

నా మటుకు నేను అడగను. పొగతోటలో ఆసుపత్రులకు పోయే వీధుల్లో, దర్గామిట్టలో పెద్దాసుపత్రి దారిలో ఒక్కో హంప్ దగ్గర అంబులెన్స్ దాదాపు ఆగి కదలాలి. లోపల నడుము విరిగిన మనిషి ఉంటే ఆ కుదుపు సంగతి చెప్పక్కర్లేదు. పుస్తకం ఆసుపత్రి దగ్గర వేయొచ్చంటుంది, నిజమే, కానీ అది ఆసుపత్రి ముందు రోడ్డు దాటే జనం కోసం. అక్కడ ఎత్తు చేసిన జీబ్రా క్రాసింగ్ అడగడం మేలు. పైన చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీ కూడా దాటుతుంది. 2018 పుస్తకంలో ఇదీ ఉంది, రోడ్డును కొంత ఇరుకు చేయడం, చిన్న రౌండ్‌అబౌట్ లాంటివీ ఉన్నాయి.

పండగకో జాతరకో పది రోజులకు కావాలంటే?

దానికి తారు పోయించొద్దు. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగకు చూస్తాం కదా, పోలీసులు బారికేడ్లు పెట్టి దారి మళ్లిస్తారు. పండగ అయ్యాక తీసేస్తారు. ట్రాఫిక్ పోలీస్ స్టేషన్లో ముందుగా అడిగితే చిన్న గుడి ఉత్సవాలకు కూడా పెడతారు.

హంప్ వేస్తే పని అయిపోయినట్టేనా?

సగం అయినట్టు. దానికి 40 మీటర్ల ముందు త్రికోణం బోర్డు ఉండాలి, రెండు వైపులా. హంప్ మీద నలుపు తెలుపు పట్టీలు, రాత్రి మెరిసేలా. రోడ్డు మీద క్యాట్ ఐలు, అంటే లైటు పడితే మెరిసే చిన్న బిళ్లలు, కూడా పెడితే ఇంకా మంచిది. మామూలు పెయింటు డబ్బాతో పూస్తే మూడు నెలల్లో పోతుంది. వేడి చేసి కరిగించి పరిచే థర్మోప్లాస్టిక్ పెయింటు, అందులో గాజు పూసలు కలిపింది, అడగండి. హెడ్‌లైట్ పడగానే మెరిసేది ఆ పూసలే. హంప్ వేసిన రోజే పెయింటు పడకపోతే రాత్రికి బారికేడ్ పెట్టమనండి. పాలాయన సంగతి పైన చదివారు కదా.

రోడ్డు మళ్లీ వేశాక హంప్ మాయమైంది. మళ్లీ అర్జీ పెట్టాలా?

పాత మంజూరు కాగితం నకలు మీ దగ్గరుంటే దాన్ని జతచేసి ఒక్క పేజీ రాస్తే చాలు. లేకపోతే మొదటి నుంచీ. అందుకే పని మంజూరైన రోజే నకలు తీసి పెట్టుకోండి. రోడ్డు వేస్తున్నప్పుడే ఏఈకి గుర్తుచేయడం ఇంకా తేలిక. ఒక్కోసారి పాత హంప్ మీదుగా కొత్త పొర వేసేస్తారు, ఆకారం చెడిపోతుంది. మళ్లీ బద్ద, టేపు తీయాల్సిందే.

ఎవరూ పట్టించుకోకపోతే?

వరస చెబుతాను. సచివాలయంలో ఇచ్చిన అర్జీకి రసీదు తీసుకోండి. నెల చూడండి. తర్వాత కార్పొరేషన్ కమిషనర్‌కి. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి, పాత రసీదు నంబర్లతో. ప్రమాదాలు జరిగిన చోటైతే కలెక్టర్ అధ్యక్షతన జరిగే జిల్లా రోడ్డు భద్రతా కమిటీలో పెట్టమని రాయండి. పోలీసులు, రవాణా శాఖ, రోడ్ల శాఖలు అందరూ ఒకే బల్ల దగ్గర ఉండేది అక్కడే. కాగితం ఎక్కడ ఆగిందో తెలియకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఎందుకు వేయలేదు" అని అడక్కండి. "నా అర్జీ మీద ఏ తేదీన ఎవరు ఏం రాశారో నకలు ఇవ్వండి" అని అడగండి.

కార్పొరేటర్‌కి చెబితే చాలదా అంటే, చెప్పండి, ఫోన్ చేస్తే పని ముందుకు జరుగుతుంది. కాగితం మాత్రం మానకండి.

హంప్ మీద పడి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది?

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో 198ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు డిజైన్, నిర్మాణం, నిర్వహణల్లో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణమో అంగవైకల్యమో సంభవిస్తే సంబంధిత అధికారికి, కాంట్రాక్టర్‌కి లక్ష రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఆచరణలో రుజువు కావాలి. పడ్డ రోజే హంప్ ఫోటో టేపుతో, బోర్డు ఉందో లేదో ఫోటో, రాత్రయితే అదే టైముకు దీపం ఫోటో. వారం తర్వాత వెళితే పెయింటు వేసేసి ఉంటారు. తర్వాత ఏం చేయాలో వకీలుని అడగండి.

పాతది తీసేశాక చూసుకోవాల్సిందేమైనా ఉందా?

రెండున్నాయి. చెక్కేసిన చోట గుంత మిగలకూడదు. మాకు తీసినప్పుడు మొదట పైపైన గీకి వెళ్లిపోయారు, హంప్ పోయి గుంట వచ్చింది. మిగతా రోడ్డుతో సమంగా ప్యాచ్ వేసి రోలర్ తిప్పేదాకా వదలకండి. రెండోది బోర్డు. హంప్ లేని చోట హంప్ ఉందని చెప్పే బోర్డు వల్ల జనం నిజమైన బోర్డులను కూడా నమ్మడం మానేస్తారు. మా వీధిలో మేం పెట్టించుకున్న రేకు బోర్డు తీయడానికి ఎవరూ రాకపోతే మా వాచ్‌మన్ నేనూ కలిసి స్పానర్ పట్టుకుని విప్పి, రసీదు రాయించుకుని సచివాలయంలో అప్పజెప్పాం.